సఖావత్ పెట్టిన చుక్క

"కొత్తది ఎక్కిచ్చుడు రాకనేనా భాయ్, పాతదాన్నే పట్టుకొని ఊగులాడుతున్నవ్?"

ఈ ఏడాది మార్చిలో ఒక మధ్యాహ్నం మంఖాల్ ఊరి భాగ్యలక్ష్మి అడిగిన ప్రశ్న ఇది. అడిగింది సఖావత్ మొహం చూసి కాదు, కాళ్లు చూసి. మిగతా మనిషి ఆమె బండి కింద ఉన్నాడు. బండి కింది నుంచే జవాబు వచ్చింది.

"కొత్తది ఎక్కిచ్చుడు ఎవనికైన వస్తదక్కా. గంట పని. పాతదాన్ని చూసి, ఇంక ఎన్ని రోజులు నడుస్తదో చెప్పుడే కష్టం."

మంచి జవాబే. పదకొండు రోజుల తర్వాత ఆ జవాబు ఆయనకే ఎదురు తిరిగింది. అది చెప్పే ముందు మనిషి గురించి కొంచెం చెప్పాలి.

సఖావత్‌కు యాభై మూడేళ్లు. శంషాబాద్ ఊరు దాటాక, బెంగళూరు హైవేని ఆనుకున్న సర్వీసు రోడ్డు మీద ఆయన రేకుల షెడ్డు. వెనక రెండు గదుల ఇల్లు. బోర్డు మీద ఫోన్ నంబరులో చివరి అంకె ఎండకు వెలిసిపోయింది. మళ్లీ రాయించలేదు. "నాతోని పనున్నోళ్లకు నా నంబర్ ఎర్కే" అంటాడు. భార్య మైమూనా దానికి ఒక మాట కలుపుతుంది: "మిగిలినోళ్లు తొమ్మిదిమందికి రాంగ్ కాల్ కొట్టి తెలుసుకుంటరు."

తండ్రికి పాత బస్టాండు దగ్గర సైకిల్ షాపు ఉండేది. సఖావత్ పద్దెనిమిదో ఏట మైలార్‌దేవ్‌పల్లికి వెళ్లి సత్తయ్య మేస్త్రీ షెడ్డులో చేరాడు. పంతొమ్మిదేళ్లు అక్కడే. విమానాశ్రయం వచ్చి, టాక్సీలు వందల లెక్కన తిరగడం మొదలయ్యాక సొంత ఊళ్లో షెడ్డు వేసుకున్నాడు. అప్పటి నుంచి ఆయన పని ఒక్కటే అని చెప్పొచ్చు: ముందు యాక్సిళ్లు. బ్రేకులూ చేస్తాడు, క్లచ్చూ చేస్తాడు. కానీ మైలార్‌దేవ్‌పల్లి నుంచి మహేశ్వరం దాకా డ్రైవర్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేది యాక్సిల్ కోసం.

ఈ యాక్సిల్ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకు మోసే ఇనుప కడ్డీలు రెండుంటాయి. కడ్డీ కొసకు ఒక ఉక్కు గిన్నె. గిన్నె లోపల ఆరు గాడులు, గాడికొక ఉక్కు గోలీ. చక్రం ఎంత పక్కకు తిరిగినా కడ్డీ తిరగడం ఆగకుండా చూసేవి ఈ గోలీలే. పైన రబ్బరు తొడుగు, లోపల గ్రీజు. తొడుగు చిరిగితే గ్రీజు బయటికి పోతుంది, దుమ్ము లోపలికి చేరుతుంది. గాడులు అరుగుతాయి. అప్పుడు బండి మలుపు తిరిగినప్పుడల్లా టక్ టక్ అంటుంది. అదే పనిగా పట్టించుకోకపోతే ఒకరోజు గిన్నె విడిపోయి బండి ఉన్నచోటే ఆగిపోతుంది.

కంపెనీ సర్వీస్ సెంటర్లలో దీనికి ఒకే మందు: రెండు యాక్సిళ్లూ తీసెయ్, కొత్తవి వెయ్. సత్తయ్య మేస్త్రీ నేర్పిన దారి వేరు. బండి బతుకంతా ముందుకే పోతుంది కదా, అందుకని గోలీలు గాడిలో ఒక పక్క గోడనే ఒత్తుతాయి. ఆ గోడ అరుగుతుంది, ఎదుటి గోడ కొత్తదానిలాగే ఉంటుంది. ఎడమ గిన్నెను తీసి కుడికి, కుడి గిన్నెను ఎడమకు వేస్తే భారం అరగని గోడ మీదికి మారుతుంది. శుభ్రంగా కడిగి, కొత్త గ్రీజు నింపి, కొత్త తొడుగు వేస్తే ఇంకో యాభై వేల కిలోమీటర్లు నిశ్చింత. అన్ని బండ్లకూ కుదరదు. కుదిరిన బండికి మాత్రం కొత్త యాక్సిళ్ల ఖర్చులో ఎనిమిదో వంతుతో పని అయిపోతుంది.

అయితే ఇది ఒక్కసారే చేయగల పని. రెండోసారి మారిస్తే భారం మళ్లీ మొదట అరిగిన గోడ మీదికే వస్తుంది. అందుకే సత్తయ్య మేస్త్రీ ఒక పద్ధతి పెట్టాడు. మార్చిన ప్రతి గిన్నె అంచు మీదా సుత్తితో ఒక చుక్క కొట్టాలి. "నీ కోసం కాదు బిడ్డా, నీ తర్వాత విప్పేటోని కోసం" అనేవాడు. సఖావత్ షెడ్డు పెట్టుకున్న రోజు ఆ మేస్త్రీ ఇచ్చిన కానుక ఒక ఉలి. దాని కొస మూడు మూలలుగా అరగదీసి ఉంటుంది. ఆ ఉలితో కొట్టిన చుక్క గుండ్రంగా ఉండదు, మూడు మూలలుగా పడుతుంది. అలాంటి చుక్క కొట్టేవాడు ఈ పక్కన సఖావత్ ఒక్కడే.

ఆయన సొంతంగా పెట్టుకున్న పద్ధతులు ఇంకో రెండున్నాయి. బండి రాగానే విప్పడు. వెనకనున్న అమ్ముడుపోని ప్లాట్ల వెంచర్లో, హద్దురాళ్ల మధ్య, స్టీరింగు పూర్తిగా తిప్పి రౌండు కొట్టమంటాడు. ఎడమకు మూడు, కుడికి మూడు. తను పక్కన నడుస్తూ చెవి పెట్టి వింటాడు. నడిపేది బండి యజమానే. "చప్పుడు నాకొక్కనికే ఎర్కైతే ఏం లాభం?" అంటాడు. రెండో పద్ధతి మజూరి గురించి. సామాను ఖర్చు ముందే తీసుకుంటాడు. మజూరి మాత్రం వెయ్యి కిలోమీటర్లు తిరిగాక, చప్పుడు రాకపోతేనే. ఇలా ఎగ్గొట్టి పోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు ఆయనకు గుర్తులేవు, మైమూనాకు అన్నీ గుర్తే.

మరమ్మతు గురించి ఈమధ్య పట్నంలో చాలా తీయని మాటలు వినిపిస్తున్నాయి. పాతదాన్ని బాగుచేసుకోవడం భూమికి సేవ అట, పారేయడం పాపమట. కొత్త యాక్సిల్ కొనే స్తోమత ఉండి పాతదాన్ని బాగుచేయించుకున్న మనిషి తన షెడ్డుకు ఇంతవరకు రాలేదని సఖావత్ అంటాడు. వచ్చేవాళ్లంతా డబ్బులు లేక వచ్చేవాళ్లే. వాళ్లకు కావలసింది సిద్ధాంతం కాదు, రేపు పొద్దున బండి కదలడం.

భాగ్యలక్ష్మి సంగతీ అదే. ఆమెకు నలభై మూడు. మంఖాల్లో రెండెకరాల మెట్ట చెలక వెంచర్లో కలిసిపోయాక, చేతికొచ్చిన దాంట్లో కొంత పెట్టి ఏడు సీట్ల పాత ఎస్‌యూవీ కొన్నది. తెల్లరంగు, టాక్సీల పసుపు నంబరు బోర్డు. తనే నడుపుతుంది. మంఖాల్ నుంచి ఆరుగురు ఆడవాళ్లను పొద్దున అయిదు గంటల షిఫ్టుకు విమానాశ్రయంలో ఊడ్చే, తుడిచే పనికి దింపుతుంది. మధ్యాహ్నం తీసుకొస్తుంది. మళ్లీ రెండో షిఫ్టువాళ్లను తీసుకుపోతుంది. పని ఇచ్చిన కాంట్రాక్టు సంస్థలో శ్రీకాంత్ అని ఒక సూపర్‌వైజర్ ఉన్నాడు. ఆయన నియమం చిన్నది: మూడు నెలల్లో మూడుసార్లు ఆలస్యమైతే బండి మారుతుంది. తొడుగులు చిరిగి, చప్పుడుకు భయపడి మెల్లగా నడిపిన రోజుల్లో భాగ్యలక్ష్మికి అప్పటికే రెండు ఆలస్యాలు పడ్డాయి.

సర్వీస్ సెంటర్‌లో నలభై ఒక్క వేలన్నారు, నాలుగు రోజులు బండి వదలాలన్నారు. ఆమె దగ్గర పన్నెండు వేలున్నాయి. నాలుగు రోజులైతే అసలే లేవు. అందుకే సఖావత్ దగ్గరికి వచ్చింది. నమ్మకంతో రాలేదు. ఆ సంగతి ఆమె అడిగిన ప్రశ్నలోనే ఉంది.

సఖావత్ రౌండ్లు కొట్టించాడు, విన్నాడు, విప్పాడు. గాడిలో గోరు పెట్టి గీరి చూశాడు. ఒక గోడ గరుకుగా తగిలింది. అరిగింది. "గిన్నెలు మారుస్తే నడుస్తదక్కా" అన్నాడు. ఎదుటి గోడ మీద గోరు పెట్టలేదు. ఎన్నో ఏళ్లుగా పెట్టడం మానేశాడు. ఒక గోడ అరిగితే రెండోది బాగుంటుందని ఆయనకు తెలుసు కదా. గిన్నెలు మార్చి, తొడుగులు, గ్రీజు కలిపి మూడు వేల రెండు వందలు తీసుకొని, అంచు మీద చుక్క కొట్టి, సాయంత్రం నాలుగుకే బండి అప్పగించాడు. రౌండు కొడితే చప్పుడు లేదు.

పదకొండు రోజులు. ఆరువందల అరవై కిలోమీటర్లు. పన్నెండో రోజు మధ్యాహ్నం, రెండో షిఫ్టువాళ్లను దింపి మొదటి షిఫ్టువాళ్లను తీసుకొస్తూ, శ్రీశైలం రోడ్డు నుంచి మంఖాల్ వైపు తిరిగేచోట బండి టక్కుమన్నది. తర్వాత టక్ టక్. ఆరుగురిలో పెద్దది శివమ్మ. వెనక సీట్లోంచి అన్నది:

"భాగ్యా, నీ బండి మళ్ల పండ్లు కొరుకుడు షురూ చేసింది."

ఎవరూ నవ్వలేదు. ఇంకో ఆలస్యం పడితే ఏమవుతుందో బండిలో అందరికీ తెలుసు. బండి మారితే కొత్త బండి మంఖాల్ దాకా వస్తుందన్న నమ్మకం లేదు. చీకటితో లేచి హైవే దాకా నడవాల్సింది వాళ్లే.

అందరినీ దింపి, భాగ్యలక్ష్మి ఖాళీ బండిని మెల్లగా శంషాబాద్ తెచ్చింది. షెడ్డు ముందు ఆపి, తాళాలు సఖావత్ చేతిలో పెట్టలేదు, స్టూలు మీద పడేసింది.

"చెప్పిన కదా భాయ్. నలభై వేలు పెట్టే మొకం కాదు నాదని నువ్వు గిట్ల చేసినవ్."

"అట్ల కాదక్కా. జర కూసో. చాయ్ తాగు. చూస్త."

ఆమె పాత టైరు మీద కూర్చున్నది. చాయ్ ముట్టలేదు. సఖావత్ ఎడమ పక్క విప్పి గిన్నె బయటికి తీసి డీజిల్‌తో కడిగాడు. ఈసారి అంచు చుట్టూ కడిగాడు. అంచు మీద తను పదకొండు రోజుల కింద కొట్టిన చుక్క ఉంది, మెరుస్తూ. గిన్నెను తిప్పాడు. సరిగ్గా దానికి ఎదురుగా, నల్లటి మడ్డి ఊడిన చోట, ఇంకో చుక్క. తుప్పు నిండి ఉంది. మూడు మూలలది.

తుప్పును గోరుతో గీకాడు. ఆరేళ్ల కిందటి సంగతి మెల్లగా గుర్తొచ్చింది. ఇదే రకం బండి, కానీ నల్లది, సొంత బోర్డు. ఎవరో డాక్టరుగారిది. అప్పుడే గిన్నెలు మార్చాడు. బండి చేతులు మారింది, రంగు మారింది, బోర్డు మారింది. తను మళ్లీ మార్చి, అరిగిన గోడ మీదికే భారం పెట్టాడు. ఇప్పుడు గోరు పెట్టి చూస్తే రెండు గోడలూ గరుకే. మొదటి రోజే చూసి ఉంటే, మరమ్మతు కుదరదు, కొత్తవే వేయాలి అని అయిదు నిమిషాల్లో తేలిపోయేది.

నీళ్లు తాగే వంకతో ఇంట్లోకి వెళ్లాడు. మైమూనా బియ్యం ఏరుతోంది. మొహం చూసి చేతులాపింది.

"క్యా హువా?"

చెప్పాడు. చెప్పి, ఒక దారి కూడా చెప్పాడు: రెండూ అరిగిపోయినయ్, కొత్తవే గతి అంటే ఆమె నమ్ముతుంది. అబద్ధం కూడా కాదు. చుక్క సంగతి ఆమెకేం తెలుసు?

"నీకు తెలుసు కద" అన్నది మైమూనా, మళ్లీ బియ్యం ఏరుతూ. "నువ్వు చెప్పకుంటే రాత్రికి నా బుర్ర తింటవ్. పోయి ఆమె బుర్రే తిను. కోపమన్న చేస్తది, అయిపోతది."

దీన్ని గొప్ప నిజాయితీ కథగా చెప్పుకోవచ్చు. సఖావత్ అలా చెప్పడు. ఆ గదిలో పావుగంట కూర్చున్నానని, మైమూనా ఇంకోలా అని ఉంటే ఇంకోలా చేసేవాడినేమోనని చెప్తాడు. భార్యకు తను రుణపడిన సంగతులు లెక్క పెట్టమంటే మొదట ఈ మాటే చెప్తాడు.

బయటికొచ్చి గిన్నెను భాగ్యలక్ష్మి ఒళ్లో పెట్టాడు. రెండు చుక్కలూ చూపించాడు.

"ఇది మొన్న కొట్టింది. ఇది ఆరేండ్ల కింద కొట్టింది. రెండు నావే."

"అంటే నా బండిని నువ్వు ముందుగాలే చేసినవా?"

"చేసిన. అప్పుడు నల్లగుండె. ఎర్కపట్టలే. చుక్క కొట్టేదే ఎర్కపట్టనీకి. నేను చూడలే. తప్పు నాది అక్కా."

భాగ్యలక్ష్మి గిన్నెను అటూ ఇటూ తిప్పింది. వేలికి గ్రీజు అంటింది. కొంగుకు తుడుచుకోబోయి ఆగి, టైరుకు తుడిచింది. సఖావత్ తిట్లకు సిద్ధంగా నిలబడ్డాడు. ఆమె అడిగింది ఒక్కటే.

"మరి రేపు నాలుగుంబావుకు?"

"నేనే వస్త. నా వ్యానుంది."

సఖావత్ వ్యాను సామాన్లు మోసేది. ఆ సాయంత్రం దాన్ని ఖాళీ చేశాడు, మైమూనా సర్ఫు నీళ్లతో కడిగింది. సీట్లు లేవు కాబట్టి రెండు బల్లలు ఎదురెదురుగా వేసి తాళ్లతో బిగించాడు. మంఖాల్లో నాలుగూ పదికే హారన్ కొట్టాడు. శివమ్మ లోపలికి తొంగిచూసింది.

"ఇదేంది భాయ్, మమ్మల్ని పెండ్లికి తోలుకపోతున్నవా, మేకల సంతకా?"

"ఎక్కవ్వా, టైమైతుంది."

"ఎక్కుత గని, దీన్ని గూడ నువ్వే రిపేర్ చేస్తవా?"

"నేనే చేస్త."

"అయితే ఆంజనేయ దండకం చదువుకుంట ఎక్కుత."

ఈసారి అందరూ నవ్వారు, ముందు సీట్లో భాగ్యలక్ష్మి కూడా. వ్యాను నాలుగూ నలభై ఎనిమిదికి గేటు దగ్గర ఆగింది. శ్రీకాంత్ కాగితాల అట్ట పట్టుకొని నిలబడి ఉన్నాడు. వ్యానును చూశాడు, బల్లల మీంచి ఒకరి చేయి ఒకరు పట్టుకొని దిగుతున్న ఆరుగురినీ చూశాడు, గడియారం చూసుకున్నాడు.

"బండేంది మారింది?"

"రెండు రోజులు సార్. మా బండి షెడ్ల ఉన్నది" అన్నది భాగ్యలక్ష్మి.

"రెండు రోజులే. మూడో రోజు నీ బండే రావాలె. టైముకు వచ్చిర్రు, రాసుకుంటున్న."

అలా రెండు రోజులు, రోజుకు నాలుగు తడవలు, సఖావత్ వ్యాను నడిపాడు. డీజిల్ ఆయనదే. మధ్య ఖాళీలో మైలార్‌దేవ్‌పల్లిలో తాహెర్ సామాన్ల దుకాణానికి వెళ్లి కొత్త యాక్సిళ్లు తెమ్మన్నాడు. తాహెర్ ముప్పై ఏళ్ల స్నేహితుడు, ఎగతాళి మానడు.

"పాత గిన్నెల బాద్‌షా కొత్తవి అడుగుతుండు. ఏమైంది, ఉలి పోయిందా?"

"ఉలి ఉంది. కండ్లే పోయినయ్. అసలైనవే ఇయ్యి, డూప్లికేట్ ఇయ్యకు. పైసలు నా మాట మీద."

జత ఇరవై ఏడు వేలు. తాహెర్ వివరాలు అడగలేదు, తెప్పించి ఇచ్చాడు. రెండో రోజు మధ్యాహ్నానికి సఖావత్ వాటిని బిగించాడు. గంట పట్టింది, ఆయన మొదట చెప్పినట్టే. రౌండ్లు కొట్టించాడు. ఎడమకు మూడు, కుడికి మూడు. చక్రాల కింద మట్టి నలిగిన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఆ తర్వాత పేచీ వచ్చింది. సగం ఖర్చు తను పెట్టుకుంటానన్నాడు సఖావత్. భాగ్యలక్ష్మికి మొదటిసారి నిజంగా కోపం వచ్చింది.

"ధర్మం చేసుడుకు నేనే దొరికిన్నా నీకు? మొదటి రోజే నువ్వు సక్కగ చూసి, కొత్తవే అక్కా అంటే, ఇరవై ఏడు వేలు ఎవరు పెట్టాలె? నేను కాదా?"

"నువ్వే."

"అవి అరిగింది నువ్వు చేసిన తప్పా? రోడ్డు చేసిన పని. నీ తప్పు ఎంత? తొడుగులు, గ్రీజు దండుగ. మూడు వేల రెండు వందలు. అది నువ్వు పెట్టు. మిగిలింది నాది. అటెన్క నువ్వు రెండు రోజులు బండి నడిపినవ్, దానికి నేను పైసలియ్య. నువ్వు మజూరి అడగకు. అయిపోయింది."

సఖావత్ సరేనన్నాడు. తన తప్పుకు ఇంత కచ్చితమైన కొలత ఎవరో వేసి చెప్పడం ఆయనకు అదే మొదటిసారి. తప్పు చేసినవాణ్ని పూర్తిగా క్షమించేవాళ్లను చూశాడు, పూర్తిగా తిట్టిపోసేవాళ్లను చూశాడు. ఇంతవరకు నీది, ఇక్కడి నుంచి నాది అని గీత గీసినవాళ్లను చూడలేదు. "పెద్ద మనసు" లాంటి మాట వాడడు. "లెక్క తెలిసిన మనిషి" అంటాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

ఆమె మళ్లీ రాదనుకున్నాడు. ఇరవై రోజులకే వచ్చింది, మహేశ్వరం నుంచి ఇంకొకామె బండిని వెంటబెట్టుకొని. దిగుతూనే అన్నది:

"ఇది గూడ టకటకంటుంది. ముందుగాల చుక్కుందేమో చూడు భాయ్, అటెన్క మాట్లాడు."

సఖావత్ చూశాడు. ఇప్పుడు ఏ గిన్నె వచ్చినా మొదట అంచు చుట్టూ కడుగుతాడు, తర్వాత రెండు గోడల మీదా గోరు పెడతాడు. మరమ్మతు కుదిరితే కుదురుతుందంటాడు. కుదరకపోతే కొత్తవే వేయమంటాడు, ఆ మాట అనడానికి మునుపటిలా నామోషీ పడడు. కొత్త సామాను దొరికే కాలంలో ఉన్నందుకు కూడా శుక్రియా చెప్పుకోవాలంటాడు. సత్తయ్య మేస్త్రీ కాలంలో గిన్నె పోతే కార్లు ఊరి బయట నెలల తరబడి నిలిచిపోయేవట.

జులైలో భాగ్యలక్ష్మి బండి కాంట్రాక్టు ఇంకో ఏడాదికి పొడిగించారు. మూడో ఆలస్యం ఇంతవరకు పడలేదు. ఆ కబురు చెప్పడానికి భాగ్యలక్ష్మి రాలేదు. ఆ దారిలో పోతూ షెడ్డు ముందు ఒక నిమిషం ఆపి, మైమూనాకు సంచెడు మక్కకంకులు ఇచ్చి, సఖావత్‌తో "బండి మంచిగుంది" అని మాత్రం అని వెళ్లిపోయింది. ఆయన "శుక్రియా అక్కా" అన్నాడు. ఆమె వచ్చినప్పుడల్లా అంటాడు. "ఎన్నిసార్లంటవ్, ఊకో" అని ఆమె కసురుకుంటుంది.

యాక్సిళ్ల డబ్బులో మొదట ఆమె పన్నెండు వేలు కట్టింది, తర్వాత నెలకు రెండు వేలు. ఆగస్టు ఆఖరుకు తాహెర్‌కు రావలసింది ఇంకా మూడు వేలు: భాగ్యలక్ష్మి నుంచి పద్దెనిమిది వందలు, సఖావత్ నుంచి పన్నెండు వందలు.